పెట్టె ఒకటి... తెరలు మూడు!

ఇంట్లో టీవీ ఒకటే ఉంటే రిమోట్ దగ్గర పేచీ. రెండుంటే నెలనెలా బిల్లు దగ్గర పేచీ. ఇక మూడుంటే చెప్పేదేముంది? ‘మూడింటికీ మూడు కనెక్షన్లు దండగ. హాల్లో ఉన్న పెట్టెలోంచే ఓ వైరు లాగితే పోలా?’ అని ఇంట్లో ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఎలక్ట్రికల్ షాపుకెళ్తే దానికి కావలసిన సామాను కూడా చవగ్గానే దొరుకుతుంది. ఆదివారం పూట నిచ్చెన వేసుకుని ఓ గంట కష్టపడితే పని అయిపోతుంది.

సలహా తప్పేమీ కాదు. వైరు లాగొచ్చు. బొమ్మ కూడా వస్తుంది. కాకపోతే వచ్చే బొమ్మ ఎవరి ఇష్టప్రకారం వస్తుందన్నదే అసలు సంగతి!

నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో ఓ ఇల్లు ఊహించుకోండి. ముందు హాలు. మేడమీద కొడుకూ కోడలూ. వెనక గదిలో మంచం పట్టుకుని ఉన్న నాయనమ్మ. హాల్లో పెట్టె, మూడు గదుల్లో మూడు టీవీలు, మధ్యలో వైర్లు. సాయంత్రం ఏడున్నరకు నాయనమ్మ సీరియల్ చూస్తుంటుంది. సరిగ్గా కథ మలుపు తిరిగే చోట తెర మీద క్రికెట్ ప్రత్యక్షమవుతుంది.

‘ఒరేయ్ అబ్బాయ్, నా బొమ్మ ఏదిరా?’

‘ఒక్క ఓవరేనే నాయనమ్మా, మళ్లీ పెడతాగా!’

ఆ ఒక్క ఓవరు ఎప్పటికి అయ్యేను? టీవీ ఉంది, కరెంటు ఉంది, బొమ్మ ఉంది. లేనిదల్లా ఎంపిక. ఇది రిపేరుతో పోయే జబ్బు కాదు. వైరును ఎక్కడ చీల్చామన్న దాంట్లోనే ఉంది కిటుకంతా.

ఊరంతటికీ ఒక్కటే

ఉపగ్రహం నుంచి వచ్చే బొమ్మను పంచుకోవడం మనకు కొత్త కాదు. అసలు మన పల్లెల్లో అది మొదలైందే పంచుకోవడంతో. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఏడాదిపాటు ఇస్రో ఓ పెద్ద ప్రయోగం చేసింది. పేరు ‘సైట్’. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు అందించారు. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో మూడు మీటర్ల వెడల్పున్న డిష్ కట్టారు. టీవీ సెట్లు తయారుచేసింది హైదరాబాద్ ఈసీఐఎల్. రోజుకు నాలుగు గంటలు కార్యక్రమాలు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ.

ఒక రిసీవరు, ఒక తెర, ప్రేక్షకులు ఊరు మొత్తం! అయినా గొడవ లేదు. ఎందుకంటే చూడ్డానికి ఉన్నది ఒకటే కార్యక్రమం. ఎంచుకోవడానికి రెండోది ఉంటే కదా తగవు!

తర్వాత దూరదర్శన్ రోజులు. 1984లో దేశమంతటా చిన్నచిన్న ట్రాన్స్‌మిటర్లు వరసగా వెలిశాయి. 1987 జనవరిలో రామాయణం మొదలయ్యాక ఆదివారం ఉదయం టీవీ ఉన్న ఇల్లు గుడిలా మారిపోయేది. చెప్పులన్నీ గుమ్మం బయట. చాప మీద పిల్లలు, కుర్చీల్లో పెద్దలు. అప్పుడూ అంతే. ఒకే తెర, ఒకే బొమ్మ.

1991లో స్టార్ టీవీ వచ్చింది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. తెలుగు ఇంటి సాయంత్రాల తీరే మారిపోయింది. ఊళ్లో ఎవరో ఒకరు డాబా మీద పెద్ద పెద్ద డిష్‌లు పెట్టి వీధి స్తంభాల మీదుగా కేబుల్ లాగారు. ఆ కేబుల్ ఆపరేటర్ గది గుర్తుందా? అరల నిండా రిసీవర్లు ఉండేవి. చానల్‌కో రిసీవరు, దాని పక్కనే చానల్‌కో మాడ్యులేటరు. అన్నింటినీ కలిపి ఒక్క వైరులోకి ఎక్కించేవారు. చాలామంది గమనించని రహస్యం ఇక్కడే ఉంది. కేబుల్ ఆపరేటర్ ఒక్క రిసీవరును వందల ఇళ్లకు పంచలేదు. ఎన్ని చానళ్లుంటే అన్ని రిసీవర్లు పెట్టి, అన్ని చానళ్లనూ ఒకేసారి ఇంటికి పంపాడు.

అందుకే ఆ రోజుల్లో ఇంట్లో రెండో టీవీ పెట్టడం చిటికెలో పని. ఓ చిన్న స్ప్లిటర్ కొని వైరు చీలిస్తే చాలు. హాల్లో సినిమా, గదిలో వార్తలు, మేడమీద పాటలు. ఎవరి టీవీలో వాళ్ల చానల్! ఎందుకంటే చానల్‌ను ఏరుకునే పరికరం, అదే ట్యూనరు, ప్రతి టీవీ కడుపులోనూ ఉండేది.

ట్యూనరు బయటికొచ్చింది

2003 అక్టోబరులో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి డీడీ డైరెక్ట్ ప్లస్, 2006లో టాటా స్కై మొదలయ్యాయి. తర్వాత సన్ డైరెక్ట్, ఎయిర్‌టెల్ వచ్చాయి. పళ్లెమంత డిష్ ఇంటి డాబా మీదికే వచ్చేసింది. ఇంకోపక్క కేబుల్‌ను కూడా దశలవారీగా డిజిటల్ చేయాలని చట్టం మారింది. పల్లెలకు ఆఖరి గడువు 2017 మార్చి 31. దాంతో డిష్ ఇంట్లోనూ కేబుల్ ఇంట్లోనూ టీవీ కింద ఓ పెట్టె తిష్ఠ వేసింది.

అప్పుడు జరిగిన మార్పు చిన్నదే. ఇన్నాళ్లూ టీవీ లోపల ఉన్న ట్యూనరు పని పెట్టె చేతుల్లోకి వెళ్లింది. డిష్ నుంచి వందల చానళ్లు పెట్టె దాకా వస్తాయి. పెట్టె అందులోంచి ఒకదాన్ని ఏరి, తాళం తీసి, బొమ్మగా మార్చి బయటికి పంపుతుంది. పెట్టె లోపలికి వెళ్లేది వంద చానళ్లు, బయటికి వచ్చేది ఒక్కటి! ఆ ఒక్కదాన్ని ఎన్ని గదులకు పంచినా అది ఒక్కటే. పాత కేబుల్ అలవాటుతో పెట్టె వెనక వైరు చీల్చినవాళ్లకు అందుకే ఆశాభంగం.

ట్యూనరు ఎక్కడుంటే పెత్తనం అక్కడ. ఇదొక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు, వైరింగ్ పాఠమంతా అర్థమైపోయినట్టే. ఇక రెండు దారులు. పెట్టెకు ముందు పంచడం ఒకటి, పెట్టె తర్వాత పంచడం రెండోది.

పెట్టెకు ముందు...

ఇందులో డిష్ ఒకటే, పెట్టెలు మాత్రం టీవీకొకటి. ఎవరి చానల్ వాళ్లది. ‘డిష్ నుంచి వచ్చే వైరును చీల్చి రెండు పెట్టెలకు ఇస్తే సరి’ అనిపిస్తుంది. అక్కడే ఓ తిరకాసుంది.

డిష్ ముందు కొమ్ము చివర ఉండే పరికరాన్ని ఎల్‌ఎన్‌బీ అంటారు. 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చిన తరంగాలను పట్టుకుని, వైరులో ప్రయాణించేలా 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌ల మధ్యకు దించడం దాని పని. ఉపగ్రహం కొన్ని చానళ్లను నిలువు తరంగాల మీద, కొన్నింటిని అడ్డ తరంగాల మీద పంపుతుంది. ఏవి కావాలో పెట్టె పైకి కబురు చేయాలి. ఆ కబురు కూడా అదే వైరులో వెళ్తుంది. నిలువు కావాలంటే 13 వోల్టులు, అడ్డం కావాలంటే 18 వోల్టులు. వైరు ఒకటే అయినా కిందికి బొమ్మ, పైకి కరెంటు నడుస్తాయన్నమాట!

ఇప్పుడు ఒకే నోరున్న ఎల్‌ఎన్‌బీకి రెండు పెట్టెలు తగిలిస్తే ఏమవుతుంది? హాల్లో పెట్టె 18 అంటుంది, గదిలో పెట్టె 13 అంటుంది. ఎక్కువ వోల్టులదే పైచేయి. గదిలో బొమ్మ మాయం. హాల్లో చానల్ మార్చగానే గదిలో మళ్లీ ప్రత్యక్షం. ఇంట్లోవాళ్లు ఇదేదో పెట్టె చెడిపోయిందనుకుని మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. కొన్ని ఇళ్లలో మాత్రం చీలిక చక్కగా పనిచేస్తుంది. వాళ్లు చూసే చానళ్లన్నీ ఒకే వోల్టు కిందకి వచ్చేవైతే పేచీ రాదు. పక్కింట్లో పనిచేసిందని మనింట్లోనూ పనిచేయాలని లేదనేది ఇందుకే.

దీనికి సరైన మందు రెండు నోళ్ల ఎల్‌ఎన్‌బీ. షాపులో ట్విన్ అనో, డ్యూయల్ అనో అడిగితే ఇస్తారు. నాలుగు టీవీలుంటే నాలుగు నోళ్లది, క్వాడ్. ప్రతి నోటి నుంచి ఓ వైరు నేరుగా ఓ పెట్టెకు. ఎవరి కబురు వారిది, ఎవరి బొమ్మ వారిది. డిష్ ఒకటే కాబట్టి డాబా మీద చోటు కూడా కలిసొస్తుంది.

ఇంకో మాట. డిష్ ఒకటే కదా అని ఒక పెట్టె ఓ కంపెనీది, రెండోది ఇంకో కంపెనీది పెట్టేద్దామంటే అన్నిసార్లూ కుదరదు. డీడీ ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. పల్నాడు నుంచి చూస్తే అది ఆగ్నేయ మూల, దాదాపు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. టాటా ప్లే వారిది 83 డిగ్రీల దగ్గర. దాని డిష్ ఇంచుమించు దక్షిణానికే తిరిగి ఉంటుంది. రెండు మూలలకూ ఒకే ముఖం పెట్టడం డిష్‌కు చేతకాదు.

పెట్టె తర్వాత...

పెట్టె ఒకటే, తెరలు మూడు. మూడింటా ఒకే బొమ్మ. ఇది పనికిరాని పద్ధతి అనుకోవద్దు. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు ఉన్నచోట ఒకే వార్తలు రెండు వైపులా నడవొచ్చు. వంటింట్లో పోపు వేస్తున్న కోడలు, హాల్లో కూర్చున్న అత్తగారు ఒకే సీరియల్ చూసేవాళ్లయితే ఇంతకన్నా చవక మార్గం లేదు. పండక్కి ఇంటినిండా చుట్టాలు దిగినప్పుడు వరండాలో ఓ తెర, హాల్లో ఓ తెర పెట్టుకోవచ్చు.

పాత పెట్టెలకు వెనక ఆర్‌ఎఫ్ అనే నోరు ఉండేది. అందులోంచి మామూలు కేబుల్ వైరు లాగితే దూరపు గదిలో కూడా బొమ్మ వచ్చేది. కొత్త పెట్టెల్లో చాలావాటికి అది లేదు. మిగిలినవి పసుపు, ఎరుపు, తెలుపు రంగుల ఏవీ నోళ్లు, హెచ్‌డీఎంఐ నోరు. ఏవీ వైరు పదీ పదిహేను మీటర్ల వరకు ఫరవాలేదు. షాపులో దొరికే సన్నపాటి రెడీమేడ్ వైరు కాకుండా మంచి కోయాక్సియల్ వైరుకు పిన్నులు అతికించుకుంటే బొమ్మ నిలకడగా ఉంటుంది. హెచ్‌డీ స్పష్టత మాత్రం అందులో రాదు.

హెచ్‌డీఎంఐకి స్ప్లిటర్ వేరే ఉంటుంది. దీన్ని కరెంటు అడాప్టరుతో నడపాలి. కొనేటప్పుడు ఓ జాగ్రత్త. ‘స్ప్లిటర్’, ‘స్విచ్’ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. స్ప్లిటర్ ఒక పెట్టెను రెండు టీవీలకు ఇస్తుంది. స్విచ్ రెండు పెట్టెలను ఒక టీవీకి ఇస్తుంది. తారుమారైతే ఇంటికొచ్చాక ఎంత గింజుకున్నా బొమ్మ రాదు. రెండు టీవీల్లో ఒకటి పాతదైతే రెండోదానికి కూడా ఆ పాతదాని స్పష్టతే రావచ్చు. పదిహేను మీటర్లు దాటిన దూరానికి హెచ్‌డీఎంఐని ల్యాన్ వైరు మీదుగా పంపే ఎక్స్‌టెండర్ జత కావాలి. దాని ధర, రెండో పెట్టె ధర పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే జేబులో చెయ్యి పెట్టండి.

మరి రిమోట్? మామూలు రిమోట్ వెలుతురు కిరణంతో పనిచేస్తుంది. గోడ దాటదు. గదిలోంచి హాల్లో పెట్టెను మార్చాలంటే రిమోట్ కన్ను అని ఓ చిన్న పరికరం తెచ్చి వైరుతో కలపాలి. అది పెట్టాక తగవు తగ్గుతుందనుకునేరు. ఇప్పటిదాకా చానల్ మార్చేవాళ్లు ఒక్కరే. ఇక ఇద్దరు!

కాలువ చివరి పొలం

వైరు చీల్చినకొద్దీ బలం తగ్గుతుంది. పల్నాటి రైతుకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. సాగర్ కుడికాలువ మీద తూములు పెరిగినకొద్దీ చివరి ఆయకట్టుకు చేరే నీరెంతో ఆయనకు తెలుసు. స్ప్లిటర్ కూడా అంతే. రెండుగా చీలిస్తే ఒక్కో వైపుకు సగం కన్నా కాస్త తక్కువ బలం వెళ్తుంది. నాలుగుగా చీలిస్తే నాలుగో వంతు కన్నా తక్కువ. దానికి తోడు వైరు పొడవునా కొంత ఇంకిపోతుంది.

పాత రోజుల్లో బలం తగ్గితే తెర మీద చుక్కలు కనిపించేవి. చుక్కల్లోనే సినిమా చూసేసేవాళ్లం. డిజిటల్ బొమ్మకు ఆ మొహమాటం లేదు. కొంతవరకు అద్దంలా ఉంటుంది. ఆ గీత దాటిందా, ముక్కలు ముక్కలుగా విరిగి, గొంతు పూడుకుపోయి, ఆఖరికి నీలి తెర మిగులుతుంది. వానొచ్చినప్పుడు డిష్ బొమ్మ పోయేది కూడా ఇందుకే. దట్టమైన వాన ఆ తరంగాలను మింగేస్తుంది. మామూలు రోజున బొటాబొటీగా నడిచే ఇంట్లో చినుకు పడగానే బొమ్మ పోతుంది. బలం మిగులున్న ఇంట్లో కుండపోతకు తప్ప పోదు.

కాబట్టి వైరు దగ్గర పిసినారితనం వద్దు. డిష్ నుంచి పెట్టె దాకా ఆర్‌జీ-6 రకం వైరే వాడాలి. మధ్యలో అతుకులు ఉండకూడదు. వైరు కొసన మరతో బిగించే ఎఫ్ కనెక్టరు పెట్టాలి. లోపలి రాగి తీగను చేత్తో మెలిపెట్టి దూర్చేస్తే ఇవాళ పనిచేసినా రేపు మొరాయిస్తుంది. స్ప్లిటర్ మీద అంకెలు చదవండి. 5-1000 అని ఉంటే అది కేబుల్‌కు. డిష్ వైపు పెట్టాల్సి వస్తే 5-2400 లాంటి అంకె ఉండాలి, కరెంటును దాటనిచ్చే రకం అయ్యుండాలి. వాడని నోరుంటే దానికి 75 ఓముల మూత బిగించాలి. లేకపోతే సిగ్నల్ వెనక్కి కొట్టుకుని వచ్చి మిగతా గదుల బొమ్మ చెడుతుంది.

ఎండ, వాన, పిడుగు

ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు రాని ఏడాది ఉంటుందా? రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతల జాబితాలో ఆ ఊరిది పాత చోటు. ఆ ఎండకు డాబా మీద పాకిన నాసిరకం వైరు తోలు పెళుసెక్కి పగులుతుంది. తొలకరికి అందులో నీరు దిగుతుంది. వైరు లోపల పచ్చటి చిలుము కనిపిస్తే అది మార్చాల్సిందే. ఆరుబయట వాడే నల్లటి మందపు తోలు వైరు తీసుకుని, గొట్టంలోంచి లాగి, ఎల్‌ఎన్‌బీ దగ్గర ఓ చిన్న వంపు కిందికి వేలాడేలా వదిలితే నీరు అక్కడే జారిపోతుంది.

ఇక పిడుగు. ఊరి పేరులోనే పిడుగును పెట్టుకున్న పిడుగురాళ్ల మనకు దగ్గరే! డాబా మీద ఇనుప కడ్డీకి బిగించిన డిష్ ఇంట్లో అన్నింటికన్నా ఎత్తున ఉంటుంది. మూడు గదులకు వైర్లు లాగామంటే, మూడు గదులకూ ఓ దారి వేసినట్టే. డిష్ కడ్డీకి ఎర్త్ తీగ వేయించాలి. ఉరుములు దగ్గరయ్యేలోపే ప్లగ్గులు తీయాలి. ప్లగ్ ఒక్కటీ తీస్తే సరిపోదు. పెట్టె వెనక డిష్ వైరు కూడా విప్పాలి. ఉరుములు మొదలయ్యాక మాత్రం ఏ వైరూ ముట్టుకోకూడదు, డాబా ఎక్కకూడదు.

వైరు కొస పట్టుకుంటే ఝుమ్మని తగిలిందా? ‘కాస్తేలే’ అని వదిలేయకండి. ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గులకు పెట్టెలు, టీవీలు తగిలించిన ఇళ్లలో ఇది మామూలే. కానీ మూడు టీవీలను ఒకే వైరుతో కలిపినప్పుడు ఒకదాని లోపం మిగతా రెండింటికీ పాకుతుంది. ఏ గదిలో ఏది చెడినా దెబ్బ పక్క గదిలో తగలొచ్చు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్లు వాడండి. వైర్లు కలిపేముందు అన్నింటి ప్లగ్గులూ తీయండి. కరెంటు సర్వీసు వైరుకు టీవీ వైరును చుట్టి లాగే పద్ధతి అసలు పనికిరాదు.

పెట్టెకో బిల్లు ఎందుకు?

‘డిష్ ఒకటే, ఇల్లు ఒకటే. రెండో పెట్టెకు మళ్లీ డబ్బులెందుకు?’ నెలకు ఇంత అని లెక్కేసుకుని బతికే ఇంట్లో ఇది న్యాయమైన ప్రశ్నే. బిల్లులో రెండు భాగాలుంటాయి. ఒకటి నెట్‌వర్క్ రుసుము. రెండోది పే చానళ్ల ధర. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త విధానం అమల్లోకి వచ్చినప్పుడు 100 చానళ్లకు నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, పైన పన్ను అని పరిమితి పెట్టారు. 2020 సవరణలో ఆ 130కే 200 చానళ్లు ఇవ్వాలన్నారు. ఒకే ఇంట్లో రెండో టీవీ నుంచి ఈ రుసుము మొదటిదానిలో 40 శాతం మించకూడదని కూడా చెప్పారు. 2024 జులైలో ట్రాయ్ ఈ రుసుముపై గరిష్ఠ పరిమితిని తీసేసి, ఎంతన్నది కంపెనీలకే వదిలింది. కాబట్టి ఇప్పుడు మీ కంపెనీ రెండో టీవీకి ఎంత తీసుకుంటుందో అడిగి తెలుసుకోవడం ఒక్కటే దారి. రెండో పెట్టెలో అన్ని పే చానళ్లూ పెట్టించుకోనక్కర్లేదు. నాయనమ్మ చూసే నాలుగు చానళ్లుంటే సరిపోతుందేమో ఆలోచించండి.

నెలవారీ బిల్లే లేని దారి డీడీ ఫ్రీ డిష్. 2004లో 33 చానళ్లతో మొదలైన డీడీ డైరెక్ట్ ప్లస్‌కే 2014లో ఈ పేరు పెట్టారు. పెట్టె, డిష్ ఒకసారి కొనుక్కుంటే అంతే. దీంట్లో రెండో టీవీకి రెండో పెట్టె కొనడమే ఖర్చు. అలాంటప్పుడు ఒక్క పెట్టెనే మూడు గదులకు చీల్చి తంటాలు పడాల్సిన పని లేదు. కాకపోతే ఇంట్లోవాళ్లు రోజూ చూసే తెలుగు చానళ్లు అందులో ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి. జాబితా ఎప్పటికప్పుడు మారుతుంటుంది.

కొత్త టీవీలు కొన్నింటిలో ఉపగ్రహ ట్యూనరు లోపలే ఉంటోంది. దానికి భారత ప్రమాణాల సంస్థ 2022లో ఓ ప్రమాణం కూడా ప్రకటించింది. అలాంటి టీవీకి డిష్ వైరు నేరుగా పెట్టుకుని ఉచిత చానళ్లు చూడొచ్చు. ఇంటర్నెట్ టీవీ కూడా అంతే. ఇంట్లో వైఫై ఉంటే ఎవరి టీవీలో వాళ్లు ఎవరికి కావలసింది వాళ్లు చూడొచ్చు. 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ లాంటివి ఫోను, ఇంటర్నెట్, టీవీ ఒకే తీగలో తెచ్చాయి. పెట్టెలోకి పోయిన ట్యూనరు తిరిగి టీవీ కడుపులోకి చేరుతోందన్నమాట.

గోడ దాటితే?

‘ఇంత చేశాం, పక్కన తమ్ముడి ఇంటికి కూడా ఓ వైరు వేస్తే?’ అని ఆశ పుడుతుంది. చుట్టరికం ఎంత దగ్గరైనా కనెక్షను మాత్రం ఒక ఇంటికే. దాన్ని గోడ దాటించడం కంపెనీతో ఒప్పందానికి విరుద్ధం. నెలకు ఇంత అని తీసుకుని నాలుగిళ్లకు వైర్లు వేస్తే అది ఇంకో మెట్టు. 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా కేబుల్ నడిపినట్టే. పరికరాలు పట్టుకెళ్లే అధికారం ఆ చట్టంలో ఉంది. పైగా వీధి దాటిన వైరు మీద పిడుగు పడితే నష్టం రెండిళ్లకూ.

ముందు కాగితం మీద...

నిచ్చెన ఎక్కేముందు ఓ కాగితం, పెన్ను తీసుకోండి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఏ గదిలో ఎవరుంటారు, ఏం చూస్తారు? రాయండి. నాన్న, అమ్మ, పిల్లలు అందరూ రాయాలి. వెనక గదిలో ఉన్నవాళ్లను మర్చిపోకండి. బయటికి వెళ్లలేని పెద్దవాళ్లకు ఆ తెరే వీధి, అదే అరుగు, అదే గుడి. హాల్లో ఉన్నవాళ్లకు టీవీ కాకపోతే ఫోనుంది, స్నేహితులున్నారు, బజారుంది.

ఆ కాగితంలో గదులన్నిటా ఒకే పేరు కనిపిస్తే పెట్టె తర్వాత వైరు చీల్చుకోండి. డబ్బు మిగులుతుంది, నష్టం లేదు. పేర్లు వేరువేరుగా ఉంటే డిష్ దగ్గరే వైర్లు వేరు చేసి, పెట్టెలు వేరుగా పెట్టండి. అంత ఖర్చు పెట్టలేకపోతే, ఉన్న ఒక్క పెట్టెనూ ఎక్కువసేపు టీవీ చూసేవాళ్ల గదిలో పెట్టి, అక్కడి నుంచి హాల్లోకి వైరు లాగండి. ఖర్చు అంతే, వైరూ అంతే. మారేదల్లా రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందన్నదే. హాల్లోవాళ్లు చానల్ మార్చాలంటే వెనక గది దాకా నడవాలి. ఆ వంకతోనైనా రోజుకు నాలుగుసార్లు పెద్దావిడ దగ్గరికి వెళ్లి, ‘మామ్మా, వార్తలు పెట్టనా?’ అని అడుగుతారు.

బ్రహ్మనాయుడి చాపకూడును చెప్పుకునే సీమ మనది. పంచుకు తినడం ఇక్కడ ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. కానీ బంతిలో అందరూ కలిసి కూర్చున్నా విస్తరి ఎవరిది వాళ్లకే వేస్తాం. ఎవరికి ఏం కావాలో అడిగి మరీ వడ్డిస్తాం. టీవీ వైరు లాగేటప్పుడు కూడా ఆ మర్యాద పాటిస్తే సరి!